గీతలు లేని బొటనవేలు

నేను ఒక సెల్‌ఫోన్‌ను. పోలీస్ స్టేషన్ ఇనుప బీరువాలో, చీటీ అంటించిన ప్లాస్టిక్ సంచిలో పడి ఉన్నాను. నా పక్కన ఇంకొన్ని ఫోన్లున్నాయి. మాలో ఎవరమూ మోగడం లేదు.

నన్ను బిగించింది తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, చేతికి తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు. వాళ్ల వేలి మరక మా మీద పడకూడదని సూపర్‌వైజర్లు కాపలా కాసేవారు. మనిషి చేతిలోనే బతకాల్సిన వస్తువుకి మనిషి చెయ్యి తగలకుండా అంత జాగ్రత్త ఎందుకో నాకు అర్థం కాలేదు. మొదట నన్ను కొన్నది భీమవరంలో డిగ్రీ చదివే అబ్బాయి. కొన్నాళ్లు దిండు పక్కనే పెట్టుకు పడుకున్నాడు. నా అద్దం మూల కాస్త బీటవేయగానే సెకండ్ హ్యాండ్ షాపులో ఇచ్చేసి వెనక్కి చూడకుండా పోయాడు.

అక్కణ్ణుంచి సువార్త చేతికొచ్చాను. ఆమె రొయ్యల షెడ్డులో ఒలుపు పని చేస్తుంది. ఐసులో రొయ్యల్ని రోజంతా ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల చివర్లు పాలిపోయి, నున్నగా అరిగిపోయాయి. గోళ్ల మొదళ్లలో పుండ్లు. ఆ పని మానేసి షెడ్డు గేటు ముందు టిఫిన్ బండి పెట్టుకోవాలని ఆమె ఆశ.

కూలి బ్యాంకు ఖాతాలో పడేది. తియ్యాలంటే ఊళ్లో ఒకతను చిన్న మిషను పెట్టుకుని కూర్చుంటాడు. దాని మీద బొటనవేలు పెట్టాలి. సువార్త వేలిని ఆ మిషను ఒక పట్టాన ఒప్పుకోదు. చీరకి తుడుచుకునేది, తలనూనె రాసుకునేది, మళ్లీ పెట్టేది. నీకు వేలిముద్రలే లేవమ్మా అని అతను విసుక్కునేవాడు. షెడ్డులో పక్క పీట మీద కూర్చునే ఎస్తేరు మాత్రం నవ్వేది. "పోన్లే వదినా, నువ్వు దొంగతనం చేసినా దొరకవు."

ఫోనుంటే వేలు అక్కర్లేదు, నంబరు కొడితే చాలని సెకండ్ హ్యాండ్ షాపాయన చెప్పాకే సువార్త నన్ను కొంది. నిజంగానే డబ్బు కదిలింది. ఆ రోజు నన్ను కొంగుతో తుడిచి కళ్లకద్దుకుంది. ఆమెకి ఒక నమ్మకం అప్పుడే కుదిరిపోయింది. వేలు అడిగేది చెడ్డ బ్యాంకు, అడగనిది మంచి బ్యాంకు.

కొన్నాళ్లకి ఎస్తేరు పంపిన లింకు నాలోకి వచ్చింది. ఫోన్‌లోనే ఉండే బ్యాంకట. వేలిముద్ర ఊసే లేదట, వడ్డీ రెట్టింపట. దాని పేరు చెప్పి లాభం లేదు. ఈపాటికి ఇంకో పేరు పెట్టుకునే ఉంటుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. కొత్త మనిషి పనికొస్తే పాతవాళ్లలో ఒకరు పూచీ పడాలి. పడ్డాక ఇంకెవరూ ఏమీ అడగరు, పీట జరిపి చోటిస్తారు. సువార్త ఆ బ్యాంకుకీ అలాగే చోటిచ్చింది.

"పూచీ ఎవరే?" అంది.

"నేనే. మా తోడికోడలు వేసింది, తీసింది కూడాను."

లింకు నొక్కగానే, ఇది ఎక్కడిదో తెలియని సరుకు, హాని చెయ్యొచ్చు అని నేను చూపించాను. షాపాయన నన్ను ఇంగ్లీషులోనే ఉంచి అమ్మాడు. సువార్తకి తెలుగు చదవడమే రాదు. ఇదేదో అడుగుతోందే అంటే ఎస్తేరు తొంగి చూసి, కుడిపక్కది నొక్కు, అందరం అదే నొక్కాం అంది.

మొదట కొంచెం వేసింది. వడ్డీతో సహా తిరిగొచ్చింది. షెడ్డులో అందరికీ జిలేబీ పంచింది. తర్వాత ఉన్నదంతా వేసేసింది.

బండి చేసే వెల్డింగ్ షాపుకి వెళ్లిన రోజు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. చట్నీ గిన్నెకి ఎడమపక్క చోటు కావాలని చెప్పింది. వెల్డింగ్ చేసే అతను రేకు మీద సుద్దతో గీత గీసి, అడ్వాన్సు అడిగాడు. ఆమె ఆ ఫోన్ బ్యాంకులోంచి డబ్బు తియ్యబోతే, ముందు పన్ను కట్టమని ఒక గొంతు ఫోన్ చేసింది. అమ్మా అని ఎంతో మర్యాదగా పిలిచింది. ఆ వారం పడిన కూలి తీసి కట్టింది. ఆ తర్వాత నా అద్దం మీద ఆ బ్యాంకు బొమ్మ ఎంత నొక్కినా తెరుచుకోలేదు. సుద్ద పట్టుకున్న మనిషి రేకు పక్కన పెట్టేశాడు.

ఎస్తేరు డబ్బూ పోయింది. షెడ్డులో ఆమెని ఎవరూ తిట్టలేదు. పీటలు మాత్రం కొంచెం దూరం జరిగాయి. సువార్త జరగలేదు. అలాగని మాట్లాడనూ లేదు.

టౌన్లో అసలు బ్యాంకు ఆఫీసరు, డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల నంబరు పంతొమ్మిది ముప్పైకి ఫోన్ చెయ్యాల్సిందమ్మా, ఇన్నాళ్లు ఆగావేం అన్నాడు. అది రిజర్వు బ్యాంకు ఒప్పుకున్నదో కాదో కనుక్కున్నావా, దాని ఆఫీసు ఎక్కడుందో అడిగావా అన్నాడు.

"పూచీ ఎవరని అడిగాను సార్. ఎస్తేరు అంది."

"ఎస్తేరుకి ఎవరు?"

"వాళ్ల తోడికోడలు."

"ఆవిడకి?"

సువార్త నా వైపు చూసింది, ఆ పేరేదో నాలో ఉన్నట్టు.

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం రాసి, సంతకం రాదంటే ఇంకు పూసి వేలు అద్దించారు. నల్లటి మచ్చ పడింది. అందులో ఒక్క గీత లేదు. తుడిచి మళ్లీ అద్దించారు. మళ్లీ మచ్చే.

"ఇది నీదేనని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"నాదే సార్. ఇక్కడే ఉన్నాను కదా," అంది సువార్త.

అతను ఆ కాగితం అలాగే ఫైల్లో పెట్టి, సాక్ష్యానికి కావాలని నన్ను తీసుకున్నాడు. ఆమె కొంగుకి ఇంకు తుడుచుకుంటూ, మధ్యాహ్నం రొయ్యల లోడు వచ్చే వేళయిందని షెడ్డుకి వెళ్లిపోయింది.

నాలో ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. ఆమె చివరగా నొక్కిన చోట నా అద్దం మీద ఇంకా ఒక మరకుంది, గుండ్రంగా, నున్నగా. బీరువా తీసినవాళ్లు దాన్ని దుమ్మనుకుంటారు.