తుడిచిన పలక

అమ్మీ నా నల్ల చున్నీని సర్ఫు బకెట్లో వేయబోతుంటే ఉరికి లాక్కున్నాను.

"ఏందే ఇర్ఫానా, మూడు దినాల నుంచి పట్టుకొని తిరగతా ఉండావు. ఇయ్యి, ఉతుకుతా."

"వద్దమ్మీ."

"పెండ్లిచీరా ఏంది, దాచిపెట్టుకునేదానికి?"

మడిచి సంచిలో పెట్టుకున్నాను. దాని కొంగున తెల్లటి మరక ఉంది. అది ఇరవై ఆరేళ్ల కింద చనిపోయిన ఒక మనిషి చేతిరాత. రాతను మరకగా మార్చిన ఘనత నాదే.

మార్కాపురంలో ఓ పాత పఠనాలయం గదిలో చిన్న మ్యూజియం పెడుతున్నారు. పన్నెండు వస్తువులు, పన్నెండు మంది రచయితలు, అందులో నేనొకదాన్ని. తనకొచ్చిన వస్తువు గురించి ఒక్కొక్కరు ఒక పేజీ రాయాలి. దాన్ని ఆ వస్తువు పక్కనే గోడకు పెడతారు. విజయవాడ నుంచి వచ్చిన సందీప్ ఇదంతా నడుపుతున్నాడు. చీటీలు తీస్తే గిద్దలూరు శేషాద్రిగారికి కత్తి వచ్చింది, ఇంకొకావిడకు రాగి రేకు. నాకు పలక. మిఠాయి కొట్టువాడికి లడ్డూ పెట్టినట్టు, పలకలకు పేరుపడ్డ మార్కాపురం దానికి పలక! మొహం మాడ్చుకున్నాను.

చిన్నప్పుడు మా ఇంటి నిండా పలకలే. పలకలు తయారుచేసే యూనిట్ నుంచి తెచ్చిన వాటి మీద రాతిపొడి తుడిచి, అట్టపెట్టెల్లో సర్ది పంపడం అమ్మీ పని. పక్కన కూర్చుని తుడిచేది నేను. ఎడమచేత్తో తీయడం, కుడిచేతి గుడ్డతో ఒక్క తుడుపు, పక్కన పెట్టడం. పదేళ్లు వచ్చేసరికి ఎటో చూస్తూ కూడా తుడిచేదాన్ని. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది.

నాకొచ్చిన పలక బేస్తవారిపేట కరుణమ్మది. ఆమె భర్త కృపావరం ఇక్కడి యూనిట్లో రాయి కోసేవాడు. నలభై ఏళ్లప్పుడు రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుని, పలక నిండా భార్య పేరు రాసి చూపించాడు. ఐదు వరుసలు. ఆ ఏడాదే, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుని, దగ్గీ దగ్గీ చనిపోయాడు. ఆయన ఇంకేమీ రాయలేదు. ఆమె ఆ పలకను పెట్టెలో పెట్టి ఇన్నేళ్లూ కాపాడింది. సందీప్ చేతిలో పెడుతూ ఒకే మాట అడిగిందట, "ఎవురూ తుడవకుండా చూడు నాయనా" అని.

సందీప్ ఆ మాట నాకు చెప్పాడు కూడా. చెప్పి, "కాసేపు చేతిలో పట్టుకుని కూర్చోండి మేడమ్, వస్తువే మాట్లాడుతుంది" అన్నాడు.

మాట్లాడుతుంది నా బొంద అనుకుంటూ కూర్చున్నాను. ఇంతలో ఫోన్. నా జెరాక్సు షాపులో పనిచేసే రుక్సానా. మిషన్ ఆగిపోయిందట. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, "పేపరు ఇరుక్కున్నట్టుంది, వెనక మూత తియ్యి" అని చెబుతున్నాను. నా ఎడమచెయ్యి పలకను ఒడిలో నిలబెట్టింది. కుడిచెయ్యి చున్నీ కొంగు అందుకుంది. ఒక్క తుడుపు.

చూసేసరికి పలక నల్లగా, అమ్మీ శభాష్ అనేంత శుభ్రంగా ఉంది.

సందీప్ వచ్చి పలక చూసి, గది తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "నా ఫోన్లో ఫొటో ఉంది మేడమ్. చూసి రాసేయండి. పాపం, ఆమెకు చదువు రాదు."

ఆ 'పాపం' నాకు చుర్రుమంది. అయినా ఆ ఫొటో నా ఫోనుకు పంపించుకుని, ఇంటికెళ్లి వేరే పలక మీద రాసి చూశాను. ముందు నా అక్షరాలు బుద్ధిగా, గుండ్రంగా వచ్చాయి. ఆయనవి బలపం విరిగేంత నొక్కి రాసినవి, వరుస చివరికి కిందికి జారినవి. ఇరవైసార్లు తుడిచి రాశాను. ఇరవై ఒకటోసారి అచ్చం ఆయన రాతే వచ్చింది. నా చేతిని చూస్తే నాకే భయం వేసింది.

ఆ తర్వాత మూడు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. గోడకు పెట్టాల్సిన పేజీలో ఒక్క వాక్యం పడలేదు.

ప్రారంభం రోజు పది కాకముందే సందీప్ ఎదురొచ్చాడు. "రాశారా?"

"లేదు."

"ఆమె బస్సు దిగిందట. వెనక గదిలోకి వెళ్లి రాసేయండి, ప్లీజ్."

వెళ్లాను. మీరేమనుకున్నా సరే, వెళ్లాను. బలపం పట్టుకుని 'క' మొదటి వంపు గీశాను. తలుపు చప్పుడైంది.

"నా పలక ఈడుందన్నారే?"

తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కరుణమ్మ వచ్చింది. పలక వైపు చూసింది. నా చేతిలోని బలపం వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత అంతా చెప్పేశాను. ఫోను, చున్నీ, ఫొటో, ఇరవై ఒకటోసారి, అన్నీ.

ఆమె ఏడవలేదు. పలక తీసుకుని నేను గీసిన వంపును బొటనవేలితో తుడిచేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ చున్నీ ఉతికినావా?"

"లేదమ్మా."

"ఏదీ?"

సంచిలోంచి తీసిచ్చాను. కిటికీ దగ్గరికి పోయి, కొంగు విప్పి, మరకను వెలుగుకు పట్టి చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత పొడి రాలకుండా ఆ కొంగును లోపలికి పెట్టి, నాలుగు మడతలు వేసి, రవికె దగ్గర పైట కింద పెట్టుకుంది.

"నీ మింద కోపం పోలేదు నాకు. పోతాదో లేదో కూడా తెలీదు" అంది. "కథ రాసేదానికి వచ్చినావంట కదా. రాయి. నువ్వే తుడిచినావని రాయి."

చెప్పి బయటికి నడిచింది. సందీప్ పలక పట్టుకుని వెనకే పరుగెత్తాడు.

"అమ్మా, మీ పలక!"

కరుణమ్మ మెట్ల మీద ఆగింది, పైట మీద చెయ్యి తీయకుండానే.

"మీరే పెట్టుకోండి నాయనా. మార్కాపురంలో పలకలకేం కొదవ?"