నేను గుడ్డును కాను

నేనొక రాయిని. పెన్నా ఒడ్డు గులకరాయిని. ఏ కొండచరియ నుంచో ఊడిపడి, వరదల్లో దొర్లి దొర్లి, మూలలన్నీ పోగొట్టుకుని కోలగా, నున్నగా తయారయ్యాను. ఆ నునుపే నా కొంప ముంచింది.

మద్దిలేటి కడపలో ముగ్గురాయి లారీలు తిప్పినవాడు. వయసు మీద పడ్డాక లారీలు అమ్మేసి మేడ మీద రాళ్ళ మ్యూజియం పెట్టుకున్నాడు. ఊదారంగు స్ఫటికాలు, చెక్కని కెంపులు, రాయిగా మారిన చెట్టు మొద్దు, ఒకప్పుడు సముద్రంలో బతికిన నత్త శిలాజం, అన్నీ అసలైనవే. ఒకరోజు ఏట్లో కాళ్ళు కడుక్కుంటూ నన్ను చూశాడు. తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చి భార్య ఓబులమ్మకు చూపించాడు.

“రాక్షసబల్లి గుడ్డు ఇది.”

“కోడిగుడ్లు తెమ్మంటే ఇది పట్టుకొచ్చినావా?” అందామె.

అంతే, నన్ను అద్దాల పెట్టెలో దూదిపరుపు మీద కూర్చోబెట్టి, పైన ఎర్రబల్బు వెలిగించాడు. వచ్చినవాళ్ళంతా నా చుట్టూ మూగేవారు. పక్కనే ఉన్న నత్త ఒకప్పుడు నిజంగా ప్రాణమున్న జీవి. దాన్ని చూసే దిక్కే లేదు. “ఎప్పుడు పగల్తాది తాతా?” అని పిల్లలు అడిగితే, “ఎండలు ముదరనీ” అనేవాడు మద్దిలేటి. కాదురా బాబూ అని అరవడానికి నాకు నోరేదీ?

చివరికి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే షంషాద్ మేడం తన విద్యార్థులతో వచ్చింది. పిల్లల్ని నత్త దగ్గరికి పంపి, మద్దిలేటిని పక్కకు పిలిచింది.

“పెద్దాయనా, ఏమనుకోవద్దు. గుడ్డయితే పైన పెంకు పొర ఉండాల. ఇది ఉత్త ఏటిరాయి.”

నా ఆనందం చెప్పనలవి కాదు. ఆయన మాత్రం తువ్వాలుతో నా పెట్టె అద్దం తుడిచాడు. “తెలీక పెట్టినానమ్మా” అన్నాడు. మర్నాడు తనే బల్బు పీకేశాడు. దూది తీసేసి, “పెన్నా ఏటిరాయి” అని కొత్త చీటీ అంటించాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

“రాయి రాయేనని తెలిస్తే అన్నం మానేస్తారా ఎవరన్నా?” అని ఓబులమ్మ కసిరింది.

ఇక మెట్లెక్కి వచ్చినవాళ్ళు గుడ్డు ఎక్కడని అడగడం, లేదనగానే దిగిపోవడం. నత్త వైపు అప్పుడూ ఎవరూ చూడలేదు. లైట్లు కూడా వేయకుండా మద్దిలేటి గుమ్మం దగ్గర కుర్చీలో ముడుచుకుని కూర్చునేవాడు. నిజం బయటపడాలని కోరుకున్నది నేనే. పడ్డాక అది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏం మనుషులో!

అలాంటి రోజుల్లో ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది.

“తాతా, గుడ్డేదీ?”

“గుడ్డు గాదు పాపా, రాయి.”

“ఉత్త రాయేనా?” పిల్ల మొహం చిన్నబోయింది.

మద్దిలేటి లేచి, పెట్టె తెరిచి, నన్ను ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు. ఇన్నాళ్ళకు ఒక వెచ్చని చెయ్యి తగిలింది. ఇప్పుడు చెబుతాడు, ఏటి సంగతి, వరదల సంగతి, నా నునుపు సంగతి, అని ఆశగా ఎదురుచూశాను.

“ఉత్త రాయి యాడిది పాపా. గండికోట ఫిరంగి గుండు ఇది.”

పిల్ల కళ్ళు ఇంతలేసి అయ్యాయి. “ఎవరి మీద పేల్చినారు తాతా?”

మద్దిలేటి లైట్లు వేసి, కుర్చీ ముందుకు లాక్కుని, గొంతు సవరించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.