మంచం పక్క ఫోను

“మీ అక్క ఫోన్ చేస్తెనే నెట్ పోతది. ఇంకెవ్వలు చేసినా పోదు. మీ ఇంటోళ్ల శని వైర్ల కూడ పారుతదానే?”

మొగుడు భూమేష్ ఈ మాట అన్నప్పుడు గంగమణి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. ఏరుతూనే ఉంది.

బోధన్‌లో ఆ ఇంటి ముందుగదిలో భూమేష్ కంప్యూటరు పెట్టుకుని పిల్లల హాల్ టికెట్లు తీసిస్తాడు, కాలేజీ ఫారాలు నింపిస్తాడు. మధ్యాహ్నం ఆయన పడుకుంటే నింపేది గంగమణే. బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే. నడిమి గదిలో అత్త చంద్రవ్వ మంచం, మంచం పక్కన పాత ఫోను. మామ చక్కెర ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు పెట్టించింది. వంటింట్లో ఇంకొకటి. కోడలు పొయ్యి దగ్గర నుంచి కదలకుండా ఎత్తాలని గోడకు కొట్టించారు. రెండూ ఒకే లైను, రెండూ కలిసే మోగుతాయి. అత్త తలాపునే మోగినా ఎత్తడం కోడలి పని.

బేస్తవారం నందిపేట్ అంగడి. అక్క హన్మవ్వ పసుపు కొమ్ములు ఏరే పనికి పోయి, వచ్చేటప్పుడు కాయిన్ బాక్స్ నుంచి ఫోను చేస్తుంది. అమ్మ పోయాక గంగమణిని పెంచింది ఆమే. ఇద్దరికీ వారానికి ఆ నాలుగు మాటలే. అవి మొదలయ్యీ కాకముందే ముందుగది నుంచి కేక వస్తుంది: “పాయె! మల్ల పాయె! పెట్టవే ఫోను!” అక్కడ ఫారం సగంలో ఆగిపోయి ఉంటుంది. పిల్లలందరూ వంటింటి వైపు చూస్తూ ఉంటారు.

మొదట్లో గంగమణికి సిగ్గుగా ఉండేది. తర్వాత భయం వేసేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి మోకాళ్లు నొస్తున్నాయని అక్కకు చెప్పింది. ఆ రాత్రి అన్నం ముందు అత్త, “కొందరికి ఇంత పని జేస్తెనే కాళ్లు గుంజుతయి” అంది. ఇంకోసారి, ఒక్క నాలుగు రోజులు నందిపేట్ వచ్చి పండుకోవాలని ఉందక్కా అంది. తెల్లారి అత్త, “పుట్టింటి యావ ఉన్నోళ్లకు సంసారమెట్ల నిలుస్తది” అంది. నిద్రలో మాట్లాడుతున్నానేమో అనుకుని గంగమణి కొన్నాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని పడుకుంది. అదీ మానేసింది. అక్క ఏది అడిగినా ఒకటే జవాబు నేర్చుకుంది. బాగున్న. తిన్నవా అంటే బాగున్న. పాణం ఎట్లుంది అంటే బాగున్న.

ఆ సోమవారం భూమేష్ లైన్‌మన్ భూమన్నను పిలిపించాడు. “వంటింటి ఫోను తీసెయ్యి భూమన్నా. పీడ పోతది.”

గంగమణి చాయ పెడుతోంది. ఆ ఫోను పోతే అక్క గొంతు పోయినట్టే. చాయ పొంగింది. మంట తగ్గించింది.

భూమన్న గోడల వెంట వైరు చూసుకుంటూ ఇల్లంతా తిరిగాడు. “తీసుడు రెండు నిమిషాల పని. ముందుగాల తప్పు దేనిదో చూస్త. చెల్లె, నీ ఫోను ఎత్తి పట్టు.”

ఎత్తింది. ముందుగదిలో నెట్ మోడెం మీద పచ్చ లైటు కదలకుండా వెలుగుతోంది.

“ఇది గాదు” అని భూమన్న నడిమి గదిలోకి వెళ్లాడు. మంచం పక్క ఫోను ఎత్తాడు. ముందుగదిలో లైటు ఆరిపోయింది. పెట్టేశాడు. కొంతసేపటికి వెలిగింది. మళ్లీ ఎత్తాడు. ఆరింది.

“ఇదే. వైరు ముందుగాల దీనికాడికే వచ్చింది. దీనికి మాటను, నెట్‌ను విడదీసే ఫిల్టర్ డబ్బ లేదు. వంటింటిది ఫిల్టర్ దాటి పోయింది, దాంతోని లొల్లి లేదు.”

“అది ఎవ్వలు ఎత్తరు భూమన్నా” అన్నాడు భూమేష్.

భూమన్న రిసీవరు తిప్పి చూశాడు. వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “ఎత్తకుంటె కొబ్బరినూనె ఎట్లంటిందే? దుమ్ము గూడ లేదు.”

చంద్రవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. భూమేష్ అమ్మ వీపు చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. “సరే, డబ్బ పెట్టి పో” అన్నాడు. భూమన్న అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా ఒకటి ఆ ఫోనుకు తగిలించి, చాయ తాగి వెళ్లిపోయాడు. గంగమణి గ్లాసులు కడిగింది.

బేస్తవారం ఫోను మోగింది. ఎత్తింది. రెండు మాటలైనాయో లేదో, టక్కుమని చిన్న చప్పుడు. తర్వాత సన్నగా ఊపిరి. ఇన్నేళ్లూ అది లైనులో గాలి అనుకుంది. ముందుగదిలో లైటు పచ్చగానే ఉంది. భూమేష్ ఎవరిదో ఫారం నింపుతూ నవ్వుతున్నాడు.

“ఇయ్యాల నీ మొగడు ఒర్లుతలేడేందే? ఊరికి వోయిండా?” అంది హన్మవ్వ.

“ఇంట్లనే ఉన్నడక్క.”

“అబ్బో! నువ్వు బాగున్నవా?”

“బాగున్న.”

అందరికీ సుఖంగానే ఉంది. ఆయన నెట్ ఆయనకుంది. అత్త వినేది అత్త వింటోంది. తప్పంతా ఆ తెల్ల డబ్బాలోకి పోయి కూర్చుంది.

మరునాడు చంద్రవ్వ స్నానానికి వెళ్లినప్పుడు గంగమణి నడిమి గది ఊడ్చింది. మంచం కింద ఊడ్చింది. ఫోను వెనక డబ్బా ఊడబీకి, వైరును పాత రంధ్రంలోనే గుచ్చింది. క్లిక్కుమంది. డబ్బాను వంటింట్లో పసుపులో పూడ్చి మూత పెట్టింది. చేతులు కడుక్కుంది.

ఆ పై బేస్తవారం, అదే వేళ.

“గంగా, బాగున్నవా?”

గంగమణి గుమ్మంలోంచి లైటునే చూస్తూ నిలబడింది. టక్కుమంది. లైటు ఆరింది. కుర్చీ కిర్రుమంది. ముందుగదిలో పిల్లలు వంటింటి వైపు తలలు తిప్పారు. భూమేష్ లేచాడు, వంటింటి దాకా రెండడుగులు వేశాడు, ఆగాడు. నడిమి గది వైపు తిరిగాడు.

“అవ్వా, ఫోన్ పెట్టు.”

ఆ సన్నటి ఊపిరి ఆగిపోయింది. టక్కుమంది. లైనులో అక్క ఒక్కతే మిగిలింది. వెనక అంగడి గోల, ఎవరో మరాఠీలో బేరమాడుతున్నారు.

“ఏందే, ఇనవడ్తలేదా? బాగున్నవా అంటున్న.”

“లేనక్క” అంది గంగమణి.