కుడివైపు సైలెన్సర్

నా బండి సైలెన్సర్ మార్చాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. అనుకోవడం అంటే ఊరికే అనుకోవడం కాదు. బట్టలు ఆరేస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సైలెన్సర్ల వీడియోలు విన్నాను. మా ఆయన యుగంధర్ ఒకసారి నా చెవిలోంచి ఒకటి లాక్కుని విన్నాడు. "పాట అనుకున్న. బండి ఇంటున్నవా?" అని నావైపు భయంగా చూశాడు. ఆయన మెట్టుగూడలో రైల్వే ఆఫీసుకు వెళ్తాడు, స్కూటర్ మీద నలభై దాటడు. నేను నేరేడ్‌మెట్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను, సెలవు దొరికితే ఆరువందల యాభై సీసీ బండి మీద ఊళ్లు తిరుగుతాను. మా ఇల్లు ఇలాగే ఉంటుంది. చుట్టాలు చాలాకాలం ఆశ్చర్యపోయి, చివరికి విసుగొచ్చి మానేశారు.

బండికి అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు. కంపెనీవాళ్లు ఇచ్చినవి తళతళా మెరుస్తాయి, బరువుకు గ్యాస్ బండల్లా ఉంటాయి. శబ్దం మాత్రం మా హెడ్‌మాస్టర్ గొణుగుడే. ఇంత బండి నడిపే ఆడదాన్ని, నేను వస్తున్నానని వెనక్కి తిరిగి చూడకుండానే జనానికి తెలియాలని నా కోరిక. మగవాళ్లకు ఉంటే ముచ్చట, నాకు ఉంటే పొగరా? నేను ఎంచుకున్నవి నల్లటివి, పొట్టివి, జత. స్టార్ట్ చేస్తే కడుపులో దడ పుట్టే రకం.

ఆ కోరికకు అడ్డం వచ్చింది మా అత్తమ్మ. అడ్డం వచ్చినట్టు పాపం ఆమెకు తెలియదు కూడా.

అత్తమ్మ పేరు విమలమ్మ. బాత్రూంలో జారిపడితే తుంటికి రాడ్ వేశారు. ఇప్పుడు బాగానే నడుస్తుంది, వంట చేస్తుంది, మోండా మార్కెట్‌లో బెండకాయ కొస విరిచి చూడనిదే కొనదు. కానీ చెరోవైపు కాలు వేసి బండి మీద కూర్చోలేదు, ఒక పక్కకే కూర్చోవాలి. ఇక కారంటారా, అది ఆమెకు పడదు. తలుపు వేసి ఏసీ పెట్టగానే వాంతులు. బస్సైనా అంతే. గాలి మొహానికి కొడుతుంటేనే ఆమెకు ప్రయాణం. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆయన స్కూటర్ వెనక ఒక పక్కకు కూర్చుని ఎంత దూరమైనా వెళ్లొచ్చింది.

ఇప్పుడు ఆమె వెళ్లాల్సింది సూర్యాపేట. అక్కడ ఆమె అక్క ఉంది. ఆ పెద్దమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా దాదాపు పోయింది. సూర్యాపేటకు రైలు లేదు. పెద్దమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో కారులో బయల్దేరదీస్తే, హయత్‌నగర్ దాటేసరికి అత్తమ్మ వాంతులతో సొమ్మసిల్లిపోయింది, వెనక్కి తీసుకొచ్చాం. యుగంధర్ స్కూటర్ కుదుపులకు తుంటి ఊరుకోదు. అలా అక్కను ఆమె ఒక్కసారైనా చూడలేకపోయింది. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో అత్తమ్మ మాట్లాడుతుంది, పెద్దమ్మ ఎడమచెయ్యి ఊపుతుంది. సరిగ్గా అప్పుడే నేను స్కూల్ నుంచి వచ్చి గేటు ముందు బండి ఆపుతాను. ఫోన్‌లో ఆ చప్పుడు విని పెద్దమ్మ "డుగ్గు" అంటుంది. ఆమెకు మిగిలిన నాలుగు మాటల్లో నా బండి ఒకటి.

నా బండికి సీటు వెడల్పు, కుదుపు తక్కువ. అత్తమ్మను అక్క దగ్గరికి చేర్చగలిగితే ఆ బండే చేర్చాలి. ప్రయత్నించాం కూడా. అలవాటు కోసమని ఒకరోజు మోండా మార్కెట్‌కు తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు రాణిలా కూర్చుంది. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర కాలు జారి ఎడమవైపు సైలెన్సర్‌కు ఆనింది. చీర కరిగి పిక్కకు అతుక్కుపోయింది. మన ఆడవాళ్లు ఒక పక్కకు కూర్చుంటే ఎడమవైపుకే కూర్చుంటారు. ఆ ఎడమవైపే నిప్పులాంటి గొట్టం పెట్టాడు బండి చేసినవాడు. వాడి అత్త ఎప్పుడూ వాడి బండి ఎక్కి ఉండదు.

అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మందు రాస్తుంటే, "బండి మంచిదే బిడ్డా. నా నసీబే మంచిగ లేదు" అంది. తిట్టినా నాకు హాయిగా ఉండేది. ఆ తర్వాత ఆమె బండి ఎక్కలేదు, సూర్యాపేట మాట ఎత్తలేదు. సాయంత్రం కాల్ పెట్టేశాక మాత్రం ఫోన్‌ను కాసేపు ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది. అది చూసినప్పుడల్లా నాకు బండి మీదా, నా మీదా కోపం వచ్చేది.

ఇలా ఉండగా ఒక శనివారం రాణిగంజ్‌లో జాన్ సాహెబ్ దుకాణానికి వెళ్లాను. సైలెన్సర్లు అమ్మడంలో ఆయన పేరున్న మనిషి. నల్లజత తెచ్చి, ముందు కుడివైపుది బిగించి, "స్టార్ట్ కొట్టండ్రి మేడం" అన్నాడు. కొట్టాను. పక్కదుకాణం మనిషి చాయ్ గ్లాసుతో బయటికొచ్చాడు. నాకు ఒళ్లంతా సంతోషం. ఇదీ బండి అంటే, అనుకున్నాను.

రెండోది బిగించడానికి ఆయన ఎడమవైపు పాతదాన్ని ఊడదీసి కింద పెట్టాడు. నేను అటు నడిచాను. బండికి ఆ పక్క ఏమీ లేదు. అక్కడ గొట్టం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ చూడగానే నాకు అత్తమ్మ కాలే గుర్తొచ్చింది. సీటు మీద ఒక పక్కకు కూర్చుని కాళ్లు వేలాడేశాను. ఏదీ తగల్లేదు.

"సాహెబ్, ఈ పక్క అసలేం లేకుండ చెయ్యొచ్చా?"

"ఎందుకు చెయ్యరాదు? రెండు పైపులు ఇంజిన్ కింద కలిపేసి కుడిదిక్కు ఒక్కటే సైలెన్సర్ వెడ్తరు. గని గీ నల్లజత మీద మీరు ఫిదా అయిండ్రు కదా, గిప్పుడేమాయె?"

అత్తమ్మ సంగతి చెప్పాను. ఆయన వంగి ఆ పక్కంతా చూసి తల అడ్డంగా ఊపాడు.

"నై మేడం. గీ దిక్కు చైన్ ఉంది. ఇన్ని దినాలు సైలెన్సర్ జెర అడ్డం ఉండె. గది తీస్తే చీర సీదా చైన్ల వడ్తది. కాలితే మందు రాస్తరు. చైన్ల వడితే ఏం రాస్తరు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. నల్లజత కొనేసుకుని పోదామా అని కూడా అనిపించింది. జాన్ సాహెబ్ చేతులు తుడుచుకుంటూ, "చైన్‌కు నిండ కవర్ కొట్టిపియ్యొచ్చు. కాళ్లకింద ఎడల్పు పలక వెట్టొచ్చు. గని అమ్మను తీస్కరండ్రి. ఆమె ఎట్ల కూసుంటదో, కాలు ఏడ వెడ్తదో సూడంది నేను చెయ్యి వెట్ట" అన్నాడు.

పాతవే మళ్లీ బిగించుకుని ఇంటికెళ్లి చెబితే అత్తమ్మ ఒప్పుకోలేదు. "నల్లయి కావాలని రెండేండ్ల సంది కలవరిస్తున్నవంట కదా. యుగంధర్ జెప్పిండు. నా కోసం నీ సరదా ఖరాబ్ జేస్కుంటవా? నాకద్దు."

"మీ కోసం కాదు. డుగ్గు అనేటామె కోసం."

అత్తమ్మ స్టవ్ కట్టేసింది, మళ్లీ వెలిగించింది. "గా దుకాణం కాడికి ఆటోల పోవచ్చా?" అంది.

మరుసటి శనివారం ముగ్గురం వెళ్లాం. బండిని స్టాండ్ వేసి, యుగంధర్ రెండు చేతులతో పట్టుకుంటే, అత్తమ్మను ఎక్కించాం. జాన్ సాహెబ్ నేల మీద కూర్చుని, ఆమె మడమ ఎక్కడ ఆనుతుందో, చీర అంచు ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీతలు గీశాడు. "అమ్మా, కాలు ఊపి సూడండ్రి, భయం వెట్టుకోకుండ్రి" అంటూ పదేపదే ఊపించాడు. అత్తమ్మ సిగ్గుపడుతూనే ఊపింది. వెల్డింగ్ చేసే మనిషి చైన్ కవర్‌కూ కాళ్లకింది పలకకూ కొలతలు తీసుకుపోయాడు. అటువైపు చిక్కు తీరింది. ఇక మిగిలింది కుడివైపుకు ఏ సైలెన్సర్ అన్నది.

అక్కడ నా ఆశ ఇంకా చావలేదు. ఒక్కటైతేనేం, గట్టిదే పెడదాం. బల్ల మీద ఉన్న మూడింటిలో అన్నిటికన్నా మోత ఎక్కువున్నదాన్ని చూపించాను. జాన్ సాహెబ్ రెండు పైపులూ కలిపి దాన్ని తాత్కాలికంగా తగిలించాడు. నేను బటన్ నొక్కబోతుంటే అత్తమ్మ, "ఆగు. అక్కను అడగాలె" అంది.

"పెద్దమ్మను ఏం అడుగుతరు?"

"సప్పుడు మారిపోతే, నువ్వొచ్చినవని ఆమెకు ఎట్ల ఎర్కైతది?"

యుగంధర్ పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అత్తమ్మ అప్పటికే వీడియో కాల్ కలిపేసింది. ఫోన్‌లో పెద్దమ్మ, ఆమె వెనక ఆమె కోడలు కల్పలత కనిపించారు. అత్తమ్మ ఫోన్‌ను సైలెన్సర్ వైపు తిప్పి పట్టుకుంది. నేను బండి స్టార్ట్ చేసి రేజ్ చేశాను. దుకాణం షట్టర్ అదిరింది, ఎదురు గోడ మీద పావురాలు లేచాయి. ఫోన్‌లో పెద్దమ్మ అలాగే చూస్తూ ఉంది. రెప్ప కూడా వేయలేదు.

"చిన్నత్తమ్మా, ఏం ఇనొస్తలేదు" అంది కల్పలత. "బండి స్టార్ట్ చెయ్యలేదా ఇంకా?"

జాన్ సాహెబ్‌కు పౌరుషం వచ్చింది. "గింత మోత సప్పుడు కాదా? ఫోన్ ఖరాబైనట్టుంది!"

"ఫోన్ మంచిగనే ఉంది" అన్నాడు యుగంధర్. "మనం మాట్లాడేటప్పుడు ఎనక రోడ్డు మోత ఉంటే ఫోన్ దాన్ని నొక్కేస్తది. దాని లెక్కల గిది సుత అసొంటి లొల్లే."

నా రెండేళ్ల కలను ఆ ఫోన్ ఉత్త లొల్లి కింద జమకట్టేసింది. రెండోది పెట్టి చూశాం. అక్కడక్కడ ముక్కలుగా వినిపించిందట. మూడోది పొడుగ్గా, సాదా స్టీలుది. నేను చూసీ చూడగానే పక్కన పెట్టించినది. అది తగిలించి స్టార్ట్ చేస్తే నింపాదిగా, గంభీరంగా కొట్టుకుంది. అవతల పెద్దమ్మ మొహం కదిలింది. ఎడమచెయ్యి దుప్పటి కిందినుంచి పైకి లేచింది.

"డుగ్గు" అంది.

"గిదే" అంది అత్తమ్మ.

నాకు కోపం రావాలి. న్యాయంగా రావాలి. కానీ రాలేదు. నల్లజత వైపు ఒక్కసారి చూసుకుని, "గిదే బిగించుండ్రి సాహెబ్" అన్నాను. ఆయన, "పోలీసోల్ల తక్లీఫ్ సుత ఉండదు మేడం" అని నన్ను ఓదార్చాడు.

చలికాలం మొదట్లో బయల్దేరాం. పొద్దున్నే హెల్మెట్ దగ్గర గొడవ షురూ అయింది. అత్తమ్మ కొప్పు మీద అది కూర్చోదు. ఏళ్ల తరబడి కొప్పు తప్ప ఎరగని మనిషి జడ వేసుకుని, "పోరిలెక్క ఉన్న కదా" అని అద్దంలో చూసుకుంది. యుగంధర్ గేటు దగ్గర నిలబడి, "నెమ్మదిగ, నెమ్మదిగ" అని బండి కనబడినంతసేపూ అంటూనే ఉన్నాడు.

అత్తమ్మ మొదట సీటు పట్టీ పట్టుకుంది. చౌటుప్పల్ దాటాక నా నడుము చుట్టూ చెయ్యి వేసింది. నేను అద్దంలో ఆమె కాళ్ల వైపే చూస్తున్నాను. చీర పలక మీద కుదురుగా ఉంది. అయినా నా ప్రాణం అక్కడే ఉంది. నార్కట్‌పల్లి దాటాక ఒక్కసారి నా వీపు మీద దబదబా కొట్టి, "ఆపు! ఆపు!" అని అరిచింది.

బండి పక్కకు తీసి, దిగి చూస్తే కాలు బాగానే ఉంది, చీర బాగానే ఉంది. ఆమె వెనక్కి వేలు చూపిస్తోంది. రోడ్డు పక్క ఒకామె సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది.

"అక్కకు సీతాఫలాలంటే పానం" అంది.

"అట్ల అరుస్తరా అత్తమ్మా! నేను సచ్చిపోయిన!" అని నేనూ అరిచాను. ఆమె నా మాట వినిపించుకోకుండా పండ్లు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ బేరం మొదలుపెట్టింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. సొమ్మసిల్లి వెనక్కి తిరిగొచ్చిన మనిషి, సగం దారి దాటి, రోడ్డు పక్కన పండ్ల పక్వం గురించి కొట్లాడుతోంది.

సూర్యాపేటలో పెద్దమ్మ ఇంటి గల్లీ మలుపు తిరిగేసరికే గేటు తీసి ఉంది. కల్పలత ఎదురొచ్చింది. "మీరు గల్లీ మొదట్ల ఆ మోరీ కాడ ఉన్నప్పుడే డుగ్గు డుగ్గు అని ఒక్కటే లొల్లి. గేటు తీసేదాంక నన్ను ఊకోనియ్యలే" అంది.

పెద్దమ్మ వరండాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. అత్తమ్మ పలక మీద కాలు మోపి తనంతట తానే దిగింది. సీతాఫలాల సంచి చేతిలోనే మరచిపోయి వెళ్లి మంచం పక్కన నిలబడింది. నేను ఏడుపులు ఉంటాయనుకున్నాను. లేవు. పెద్దమ్మ ఎడమచెయ్యి చాపి, చెల్లెలి చీర కుచ్చిళ్లు పట్టుకుని పిక్కదాకా పైకి లాగింది. పాత మచ్చ కనబడింది. దాన్ని బొటనవేలితో రుద్దింది, తర్వాత నావైపు కళ్లెర్రజేసి చూసింది. నేను తల దించుకున్నాను.

"పాతది అక్కా" అంది అత్తమ్మ. "కొత్తది లేదు. సూడు, ఈ కాలు సుత సూడు."

పెద్దమ్మ రెండో కాలు కూడా చూసింది. తృప్తి పడి కుచ్చిళ్లు కిందికి వదిలింది. మంచం అంచు తట్టి చెల్లెల్ని కూర్చోబెట్టుకుంది. తర్వాత గేటు అవతల నిలబెట్టిన బండి వైపు చూసి పెదాలు కూడదీసుకుంది. ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అందించలేదు.

"మళ్ల" అంది. అప్పటిదాకా ఆమెకు లేని మాట అది.

అత్తమ్మ నావైపు చూసింది. ఆ చూపులో అడగడానికి మొహమాటం ఉంది.

"మళ్ల తీస్కొస్త పెద్దమ్మా" అన్నాను. "నీకు ఇనొచ్చేది కుడిదిక్కుంది. మీ చెల్లె కూసునే దిక్కు ఇగ ఏం లేదు."