ఎనభై ఏడో చీటీ కింద

చీటీని పైకి లాగితే చుట్టుకుపోతుంది. పక్కకు లాగాలి. ఇరవయ్యారేళ్ళుగా, సంఘం రికార్డులు రాసే గుమాస్తా రికార్డమ్మ చీటీలను పక్కకే లాగుతోంది. బొటనవేలి గోరు మూల కింద దూర్చి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊడదీస్తుంది. వెనక పెన్సిలుతో నంబరు వేసి పెట్టెలో బోర్లా పెడుతుంది. సమావేశం రెండోరోజు, పొద్దున్న ఎనిమిదింటికి హాల్లో ఆమె తప్ప ఎవరూ లేరు. గోడ నిండా రెండు వందల పైచిలుకు పసుపు చీటీలు, వాటి మీద దద్దుర్లు లేచినట్టు ఎర్రచుక్కల స్టిక్కర్లు.

కంప్యూటర్ పరిశోధకుల సంఘం అయిదేళ్ళకొకసారి ఇలా కూర్చుంటుంది. రాబోయే కాలంలో ఏ సమస్యల మీద పనిచెయ్యాలో ఏ ఒక్కరో కాకుండా అందరూ కలిసి తేల్చుకోవాలని. మొదటిరోజు ప్రతివాళ్ళూ తమ ఆలోచనను పేరు వెయ్యకుండా చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. సాయంత్రం తలా అయిదు చుక్కలు పట్టుకుని నచ్చిన చీటీల మీద అతికిస్తారు. ఎక్కువ చుక్కలు పడ్డ పన్నెండూ నివేదికలోకి ఎక్కుతాయి. తక్కినవి రికార్డమ్మ పెట్టెలోకి, అక్కణ్ణించి బీరువాలోకి. ఇప్పటికి అయిదు భవిష్యత్తులు టైపు చేసిందామె. వాటిలో రెండు అసలు రానే లేదు. ఒకటి మాత్రం వచ్చి అందరి నెత్తిమీద కూర్చుంది.

ఎనభై ఏడో చీటీ చేతికి మందంగా తగిలింది. "తప్పులు తక్కువ చేసే యంత్రం" అని దాని మీద రాసి ఉంది, పంతొమ్మిది చుక్కలున్నాయి. తిప్పి చూసింది. దాని వీపుకు ఇంకో చీటీ అంటుకుని ఉంది. కుడివైపుకు వాలిపోయిన అక్షరాలు. సంఘంలో అందరికన్నా పాతవాడు, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన చేతిరాత.

"తనకు తెలియని సంగతి తెలియదని చెప్పే యంత్రం."

ఆమె దాన్ని మెల్లగా విడదీసింది.

అంటించింది తనే. ఒకే సంగతి చెప్పే చీటీలను ఒకదాని మీద ఒకటి అంటించడం ఆమె పని. కానీ అంటించేముందు రెండూ పైకి చదివి "ఇవి కలపొచ్చా?" అని అడగాలి. రాసినవాళ్ళు సరేనంటేనే కలపాలి. నిన్న ఆ రెండూ చేతిలోకి వచ్చినప్పుడు పెద్దాయన దగ్గు తెరలో ఉన్నాడు. అంత దగ్గులో ఆయన్ని కదిలించడానికి ఆమెకు నోరు రాలేదు. పైగా కార్యదర్శి గడియారం చూసుకుంటున్నాడు. రెండూ తప్పుల గురించే కదా అనుకుని అంటించేసింది. కింద చీటీ ఉందని ఎవరికీ తెలియదు. దానికి ఒక్క చుక్కా పడలేదు. పడే అవకాశమే లేదు.

రికార్డమ్మకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న టైపిస్టు ఒకసారి ఒక పేజీ పోగొట్టాడు. మర్నాటికి కుర్చీ ఖాళీ అయింది. ఆ ఖాళీలోకే ఆమె వచ్చింది, వచ్చిన దగ్గర్నుంచీ అంచు మీదే కూర్చుంటోంది. ఏడాదికోసారి ఉద్యోగం పొడిగించే కాగితం మీద కార్యదర్శి సంతకం పెట్టాలి. ఈ ఏటి కాగితం శుక్రవారం ఆయన బల్ల మీదికి వెళుతుంది. ఇంట్లో మంచం దిగలేని అక్క ఉంది, అక్క మందులున్నాయి. "తలుపు తట్టే ముందు తలుపుకి కూడా క్షమాపణ చెబుతావే నువ్వు" అని ఆ అక్కే ఆటపట్టిస్తుంటుంది. నవ్వుతూ అన్నా అది నిజమే.

తలుపు చప్పుడైంది. పెద్దాయన అందరికన్నా ముందే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పలచని మనిషి, మెడ చుట్టూ మఫ్లరు, మెట్లెక్కినందుకే ఆయాసం. రికార్డమ్మ ఆ చీటీని అరచేతిలో దాచేసుకుంది.

"ఏమ్మా, నా చీటీ మొహం ఎవరైనా చూశారా?"

"లెక్క ఇంకా పూర్తి కాలేదండీ."

"తొందరేం లేదులే. పదేళ్ళ కింద రాశా, సున్నా. అయిదేళ్ళ కింద రాశా, మళ్ళీ సున్నా. ఇదీ సున్నా అయితే ఇక చేతులు దులిపేసుకుంటా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు వద్దంటుంటే నేనొక్కణ్ణే కరెక్టంటే ఎలా?" ఆయన దగ్గి, తేరుకుని, నవ్వాడు. "ఇంట్లో నా నోటుపుస్తకాల అర ఖాళీ అయితే మా ఆవిడ సంతోషిస్తుంది కూడాను."

చెప్పెయ్యాలనుకుంది. ఒక్క ముక్క చాలు. ఈలోగా జనం వచ్చేశారు, కుర్చీలు కిర్రుమన్నాయి, కార్యదర్శి మైకు సరిచేసుకున్నాడు.

పదింటికి ఆయన పన్నెండు అంశాలూ చదివాడు. ఒక్కోదానికి చప్పట్లు పడుతుంటే రికార్డమ్మ అరచేతిలో చీటీ చెమటకు తడిసిపోయింది. ఆమె వెనక వరస వైపు చూడలేదు. పన్నెండోది కూడా అయిపోయాక మాత్రం చూసింది. పెద్దాయన కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ఆయన ఊరు అయిదారు గంటల ప్రయాణం. కారు వచ్చిందని కబురొస్తే లేచి, వంగి వంగి కుర్చీల మధ్య నుంచి నడిచి ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"సరేనమ్మా, తేలిపోయింది. వెళ్ళొస్తా."

"జాగ్రత్తగా వెళ్ళండి" అంది రికార్డమ్మ. అదొక్కటే అనగలిగింది. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

జాబితా ఖాయం చేసేముందు కార్యదర్శి ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్పి రికార్డు గుమాస్తా సంతకం పెడితే ఇక ఆ జాబితాకు తిరుగులేదు. మైకులోంచి ఆ ప్రశ్న వినిపించింది.

"రికార్డు సరిగ్గా ఉన్నట్టేనా అండీ?"

ఉందండీ అనడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది. అయిదుసార్లు అంది. ఈసారి బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"లేదండీ."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె చెయ్యి చాపి తడి చీటీ చూపించింది. అడక్కుండా అంటించానంది. పొద్దున్నే చూశానంది. ఆయన అడిగినా చెప్పలేదంది. అందరూ ఓపిగ్గా విన్నారు.

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు కార్యదర్శి. కేకలెయ్యలేదు. ఆ మెల్లగా అనడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ముందు వరసలోంచి ఒక పరిశోధకురాలు లేచింది. "పై చీటీకి నేను చుక్క వేశాను సార్. ఇదుందని తెలిస్తే దీనికే వేసేదాన్ని. రెండూ ఒకటి కాదు. తప్పు తగ్గించడం వేరు, తెలియదని ఒప్పుకోవడం వేరు. గోడ మీద పెట్టండి, మళ్ళీ చూద్దాం."

పెట్టారు. తలా ఒక చుక్క ఇచ్చి, నచ్చితేనే వెయ్యమన్నారు. జనం వరసలో వచ్చారు. రికార్డమ్మ గోడ పక్కన నిలబడి, శిక్ష వినడానికొచ్చినదానిలా చూస్తూ ఉంది. పసుపు కనపడకుండా ఎర్రచుక్కలు పడ్డాయి. చివరివాళ్ళు చోటు లేక చీటీ పక్కన గోడ మీదే అతికించారు. మొత్తం ముప్ఫై ఒకటి. జాబితాలో రెండో స్థానం.

కార్యదర్శి అక్కడికక్కడే పెద్దాయనకు ఫోను చేశాడు. మోగింది, ఎవరూ తీయలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది. "దారిలో ఉంటారు, తర్వాత చేద్దాం" అన్నాడు.

మధ్యాహ్నమంతా ఆమె నివేదిక టైపు చేసింది. రెండో అంశం దగ్గర మూడుసార్లు కొట్టేసి రాసింది. నాలుగింటికి కార్యదర్శి ఫోను మోగింది. ఆయన విని, "ఎక్కడ?" అని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు గొంతు.

"ఇంటి ముందు కారు ఆపి పిలిస్తే పలకలేదండీ. ఎప్పుడు పోయారో తెలీదు. ఎక్కగానే తల వెనక్కి వాల్చేశారు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. నిద్రపోతున్నారు కదా, కదిలించడమెందుకులే అని లేపలేదండీ."

రికార్డమ్మ కుర్చీలో కూలబడింది. మొదటిసారి పూర్తిగా వెనక్కి ఆనుకుంది. ఆయన చెవిన పడ్డ చివరి సంగతి పన్నెండు అంశాల జాబితా, అందులో తనది లేకపోవడం. ఫోను మోగేసరికి ఆయన ఉన్నాడా లేడా? ఇంతకాలం ఆమె భయపడినవన్నీ జరగబోయేవి. ఇది జరిగిపోయింది, అయినా భయం పోలేదు. ఇంకెవరూ తీర్చలేని భయంగా మారి గుండెల్లో కూర్చుంది.

"ఇంటికి వెళ్ళండి" అన్నాడు కార్యదర్శి. శుక్రవారం కాగితం గురించి ఆమెకు అడగాలని కూడా తోచలేదు.

గుమ్మం దగ్గర, వెళ్ళేవాళ్ళు తమ మెడలో బ్యాడ్జీలు తీసి వేసే ప్లాస్టిక్ ట్రే ఉంది. పొంగిపోయేంత నిండి ఉంది. ఆమె రెండు చేతులతో తాళ్ళ చిక్కు విడదీసుకుంటూ లోపలికి వెతికింది. అందరికన్నా ముందు వెళ్ళినవాడిది కాబట్టి ఆయన బ్యాడ్జీ అన్నిటికన్నా అడుగున ఉంది, తాడు చక్కగా చుట్టి, చివర ముడి వేసి.