మూడో పశువు

భర్త ఇక బతకడని తెలిసిన రోజే హవీస్ గొర్రెను కోసింది.

ఓర్మ్ అప్పటికింకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు. గొర్రె అరుపు విని, "ఏమిటది?" అన్నాడు. "పులుసు పెడతాను, తాగుదువుగాని" అంది. రెండు గుక్కలు తాగాడు. మిగతాది పిల్లలు తిన్నారు. మర్నాడు తెల్లవారేసరికి అతను పోయాడు. దొడ్లో రెండు పశువులే మిగిలాయి. బ్రాక్ అనే ఎద్దు, చూలుతో ఉన్న ఆవు. హవీస్‌కు కావలసిన లెక్క అదే.

హారోబీలో కాపు చనిపోతే అతని పశువుల్లో మేలైనది దొరకు పోతుంది. మూడు పశువులుంటే రెండో మేలైనది ఫాదర్ తోలుకుపోతాడు, పోయినవాడు బతికుండగా చర్చికి ఎగ్గొట్టిన దశమభాగం కింద. మూడు లేకపోతే ఫాదర్‌కు పశువు లేదు. పోయినవాడి బట్టల్లో మంచిది ఒకటి ఇస్తే సరి. ఏ పశువు మేలైనదో ఊరివాళ్లు ఇద్దరు ప్రమాణం చేసి చెప్పాలి. చూలు ఆవు ఎద్దుకంటే మేలని ఎవరైనా చెబుతారు. కాబట్టి ఆవు దొరకు పోతుంది, ఓర్మ్ గుడ్డ ఫాదర్‌కు పోతుంది, బ్రాక్ మిగులుతుంది.

బ్రాక్ మిగలాలి. ఎనిమిది ఇళ్లవాళ్లు ఇంటికో ఎద్దు చొప్పున ఒక నాగలికి కడతారు. ఎద్దు ఇచ్చిన ఇంటి మడిచెక్కలకే ఆ నాగలి వస్తుంది. దుక్కి పడని భూమిని దొర మరుసటి ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. హవీస్‌వి తొమ్మిది చెక్కలు.

సాక్షుల్లో ఒకడు పక్కింటి థర్‌స్టన్. కాడిలో బ్రాక్ పక్కన నడిచేది అతని ఎద్దే. సమాధి దగ్గర అతను చేతులు దులుపుకుంటూ, "నేనుండగా నీకేం భయం వదినా" అన్నాడు.

దివాణం గుమాస్తా రెనాల్డ్ ఆ రోజే వచ్చి ఉంటే అంతా అయిపోయేది. రాలేదు. రెండో రోజూ రాలేదు. దొరగారి బార్లీ కొలుస్తున్నాడని చెప్పారు. మూడో రోజు పొద్దున హవీస్ పొయ్యి రాజేస్తుంటే దొడ్లోంచి అత్త మగోట కేక పెట్టింది.

"ఒసే హవీసూ! ఇది ఈనిందే!"

హవీస్ పరిగెత్తింది. ఆవు దూడను నాకుతోంది. సెయింట్ ల్యూక్ పండుగ దాటాక ఈనుతుందని ఓర్మ్ లెక్క. ఆ పండుగకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. చచ్చేదాకా ఆ మనిషి చెప్పిన లెక్క ఒక్కటీ నిలవలేదు, చచ్చాకా నిలవలేదు. హవీస్‌కు ఆవును తన్నాలనిపించింది. తన్నలేదు.

"దీన్ని గోనెలో చుట్టి మంచం కిందికి తొయ్యి" అంది మగోట.

"అరిస్తే?"

"నేనూ అరుస్తా. ముసల్దానికి మతి పోయిందనుకుంటారు."

హవీస్ గోనె వెతికేలోపే కంచె తలుపు చప్పుడైంది. రెనాల్డ్ వచ్చాడు. వెనక ఫాదర్ గాసెలిన్, థర్‌స్టన్, రెండో సాక్షి వచ్చారు. దూడ అప్పుడే నాలుగు కాళ్ల మీద నిలబడింది.

ముందు మాట్లాడింది ఫాదర్.

"దేవుడి దయ" అన్నాడు. "మూడు."

"రెండు ఫాదర్" అంది హవీస్. "ఆయన పోయిన రోజు రెండే."

"నా కళ్లకు మూడు కనబడుతున్నాయమ్మా."

"ఆ రాత్రి మీరు వచ్చారు కదా. చివరి ప్రార్థన చదివి ఆయన నోట్లో రొట్టె ముక్క పెట్టింది మీరే కదా. దొడ్లో ఎన్నున్నాయో అప్పుడు చూడలేదా?"

"నేను వచ్చింది ఆత్మ కోసం."

"ఆత్మ కోసం వచ్చినవాళ్లకి ఎద్దెందుకు ఫాదర్?" అంది మగోట. ఆమెకు చెవుడు. వినాలనుకున్నది మాత్రం వింటుంది.

రెనాల్డ్ చెయ్యెత్తాడు. అతని చేతిలో గాట్లు పెట్టిన లెక్క కర్ర ఉంది. "సాక్షులున్నారు. వాళ్లు చెబుతారు. థర్‌స్టన్, దొడ్లో ఎన్ని?"

థర్‌స్టన్ టోపీ తీసి చేత్తో నలిపాడు. హవీస్ అతని మొహంలోకి చూసింది. అతను కంచె వైపు చూశాడు.

"మూడు" అన్నాడు.

"ఏమన్నావ్?" అంది హవీస్.

"ప్రమాణం చేశాను వదినా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఆయన పోయిన రోజు ఎన్నున్నాయి? అది చెప్పు, ఉన్నది ఉన్నట్టు."

"అడిగింది అది కాదుగా."

రెండో సాక్షి అడక్కముందే మూడన్నాడు.

ఫాదర్ బ్రాక్ దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి వేశాడు. "భయపడకండి థర్‌స్టన్" అన్నాడు. "అనుకున్నట్టే. ఎద్దు మీ నాగలికే ఉంటుంది. చర్చి చెక్కలు కూడా అదే నాగలితో దున్నుకుందాం."

హవీస్‌కు అప్పుడు అర్థమైంది. నాగలికి ఎనిమిది ఎద్దులూ ఉంటాయి. థర్‌స్టన్ చెక్కలకు దుక్కి పడుతుంది. ఫాదర్ చెక్కలకు పడుతుంది. తన తొమ్మిదే బీడు పడతాయి. వచ్చే ఏడు వాటిని దొర ఎవరికిస్తాడో కూడా ఆమెకు తెలిసింది. వాటి గట్టు పక్కనే ఉన్నవి థర్‌స్టన్ చెక్కలు.

"అనుకున్నట్టేనా?" అంది. "ఎప్పుడు అనుకున్నారు థర్‌స్టన్? ఆయన మీద మట్టి వేస్తున్నప్పుడా? నా ఇంట్లో కూర్చుని, నా బీరు తాగుతున్నప్పుడా?"

"అరవకు వదినా, పిల్లలు వింటున్నారు."

"విననీ. వాళ్ల కూడే కదా నువ్వు తోలుతున్నది."

"నోరు జాగ్రత్త" అన్నాడు ఫాదర్.

"లెక్క ఇవాళ్టిదైతే మా ఆయన ఇవాళ చచ్చాడనే కదా ఫాదర్! పదండి, తవ్వి తీసి మళ్లీ పాతుదాం. గంట కొట్టండి. మంత్రాలు మళ్లీ చదవండి. ఇంకో పీపా బీరు పోస్తాను, థర్‌స్టన్ మళ్లీ తాగుతాడు!"

రెనాల్డ్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఆవు గురించి కర్ర మీద గీత గీయడానికి చాకు తీశాడు. అతనికి కావలసింది ఆవు, అది దొరికింది. మిగతా తగాదా అతనిది కాదు.

ఆ చాకు చూశాక హవీస్ అరవడం మానేసింది. ఈ నలుగురిలో ఒకడికే దొర తప్ప ఇంకో భయం లేదు.

"గుమాస్తాగారూ, ఒక్క మాట" అంది. "సోమవారం దొరగారి పొలంలో వెట్టి దుక్కి మా నాగలిదే కదా?"

"అవును. రెండు రోజులు."

"చర్చి ఎద్దు వెట్టి చేస్తుందా?"

రెనాల్డ్ చాకు ఆగింది.

చెయ్యదు. చర్చి భూమికీ చర్చి పశువుకీ దొర వెట్టి లేదు. హారోబీలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతి అది.

"సోమవారం ఏడు ఎద్దులే వస్తాయన్నమాట" అంది హవీస్. "సోమవారమే కాదు, ఏటా. బరువునేల అది. ఏడింటితో సాలు ఎంత లోతు పడుతుందో దొరగారు చూసుకుంటారు. ఎందుకు తగ్గిందని అడిగితే ఏం చెబుతారో అది మీ ఇష్టం. ఎనిమిదో ఎద్దు చోట కాడి కింద ఫాదర్‌ను మెడ పెట్టమనండి."

ఫాదర్ మొహం ఎర్రబడింది. "మంచి మనసుతో ఆ రెండు రోజులు ఎద్దును నేనే పంపిస్తాను."

"మంచి మనసుతోనా?" అన్నాడు రెనాల్డ్. "దొరగారికి హక్కుగా వచ్చేదాన్ని మీ దగ్గర నేను అడుక్కోవాలా ఫాదర్?"

అతను చాకు ఒరలో పెట్టి సాక్షుల వైపు తిరిగాడు.

"కాపు చచ్చిన రోజు దొడ్లో ఎన్ని?"

థర్‌స్టన్ టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "రెండు" అన్నాడు.

"రెండే" అన్నాడు రెండోవాడు.

"దూడ ఆ రోజు కడుపులో ఉంది. ఆవుతో పాటు లెక్క. రెండూ దొరగారివి. ఫాదర్‌కు గుడ్డ" అన్నాడు రెనాల్డ్.

మగోట చప్పట్లు కొట్టింది. హవీస్ కొట్టలేదు. లోపల ఇద్దరు పిల్లలున్నారు, రేపటినుంచి పాలు లేవు.

ఫాదర్ కదల్లేదు. హవీస్ భుజాల మీదికి చూశాడు. "మంచి గుడ్డ అదే కదా" అన్నాడు.

ఓర్మ్ ఉన్ని దుప్పటి అది. అతను పోయిన రాత్రినుంచి ఆమె దాన్ని తియ్యలేదు. తీసింది. చేతికివ్వలేదు. దూడ పుట్టిన తడి మీద, ఫాదర్ కాళ్ల దగ్గర పడేసింది. ఫాదర్ కాసేపు నిలబడి, వంగి తీసుకున్నాడు.

సోమవారం వాన పడింది. దొర పొలానికి ఎనిమిది ఎద్దులూ వచ్చాయి. నాగలి మేడి థర్‌స్టన్ పట్టాడు. ములుగర్రతో ఎద్దులను తోలుతూ పక్కన నడవాల్సిన వంతు ఓర్మ్‌ది, కాబట్టి హవీస్‌ది. ఒక సాలు తిరిగి వచ్చేసరికి ఆమె రవిక తడిసి వీపుకు అంటుకుంది.

"నా కంబళి కప్పుకో వదినా" అన్నాడు థర్‌స్టన్.

"ఆపు" అంది. అతను నాగలి ఆపాడు. ముందు వెళ్తున్న ఇంకో నాగలివాళ్లు తిరిగి చూశారు. "ఎన్ని ఎద్దులున్నాయి?"

"ఏంటి?"

"నీకు లెక్క బాగా వచ్చుగా. చెప్పు. వాళ్లకు వినబడాలి."

"వానలో ఇదేంటి వదినా?"

ఆమె ములుగర్ర నేలకు గుచ్చి నిలబడింది. ఎద్దులు నిలబడ్డాయి. పొలం అవతల గట్టు మీద రెనాల్డ్ ఇటే చూస్తున్నాడు. ఆగిన ప్రతి ఘడియా దొర సొమ్ము. థర్‌స్టన్ అతని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఎనిమిది" అన్నాడు.

"ఎవరెవరివి?"

అతను ఒక్కొక్క ఇంటి పేరే చెప్పుకుంటూ వచ్చాడు. ఏడో పేరు తనదే, అక్కడ ఆగాడు. ఆమె కదల్లేదు.

"హవీస్‌ది" అన్నాడు.

"గట్టిగా."

"హవీస్‌ది!"

ఆమె ములుగర్ర పెరికి బ్రాక్‌ను వదిలేసి, పక్కన ఉన్న థర్‌స్టన్ ఎద్దును పొడిచింది. నాగలి ఒక్క ఊపున ముందుకు ఉరికింది. థర్‌స్టన్ మేడి పట్టుకుని బురదలో తూలుతూ వెనక పరిగెత్తాడు.