పోర్టు నంబరు 2762

ఏసుదాసుని ఎక్స్‌రే గదిలోకి తీసుకొచ్చేసరికి ఉదయం పదిన్నరయింది. రాజోలు దగ్గర ఓ తోటలో కొబ్బరి దింపు తీస్తూ, పట్టు తప్పి, చెట్టు సగంలోంచి కాలవగట్టు మీద పడ్డాడు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మాట స్పష్టంగానే ఉంది. మెడ ఒక్కటే పట్టేసిందంటాడు.

ఎక్స్‌రే తీసే స్టెల్లా ఆ ఇరవై పడకల ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. చీకటి గదిలో ఫిల్ములు కడిగిన రోజుల నుంచీ ఆమె అక్కడే ఉంది. మెడకి వేసిన గట్టి పట్టీ కదలకుండా, మనిషిని కదపకుండా ఎక్స్‌రే తీసింది. డాక్టరు భవానీదేవి గారు వచ్చి తెర మీదకి వంగి చాలాసేపు చూశారు.

"మెడలో రెండో పూస దగ్గర ఆ గీత చూసేవా స్టెల్లా? పగులో నీడో నాకు తేలట్లేదు. కాకినాడ పంపించెయ్."

కాకినాడలో ఎక్స్‌రేలు చదివే పెద్ద డాక్టరు గారున్నారు. ఇక్కడ మీట నొక్కితే ఎక్స్‌రే ఆయన కంప్యూటర్లో తేలుతుంది, అరగంటలో జవాబొస్తుంది. ఏడాదిగా ఇదే పద్ధతి. స్టెల్లా నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అవే అక్షరాలు.

ముందురోజు సాయంత్రమే కేబుల్ నెట్ వాళ్లు పాత రూటర్ తీసేసి కొత్త డబ్బా పెట్టి వెళ్లారు. పెట్టిన సాయిబాబుకే ఫోన్ చేస్తే పావుగంటలో బండి మీద వచ్చాడు. పాతికేళ్ల మనిషి, మర్యాదస్తుడు. ఆసుపత్రి వైఫై మీద తన ఫోన్లో ఓ వీడియో పెట్టి చూపించాడు. కాకినాడ కంప్యూటర్ అడ్రసుకి పింగ్ కొట్టి, అంటే ఉన్నావా అని పలకరించి, వచ్చిన జవాబూ చూపించాడు.

"నెట్టు బ్రహ్మాండంగా ఉందండి మేడంగారూ. మీ మిషన్లోనే ఏదో పోయిందండి."

మిషన్ కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు మిషన్ బాగుంది, నెట్ చూసుకోండన్నారు. ఇలాంటప్పుడు స్టెల్లా మామూలుగా ఊరుకుంటుంది. తెలిసినవాళ్లు చెబుతుంటే మధ్యలో మనమేం మాట్లాడతాం అనుకునే మనిషి. ఇవాళా వాదించకుండా, తెర మీద ఎక్స్‌రేని ఫోన్‌తో ఫొటో తీసి పంపింది. కాకినాడ డాక్టరు గారు వెంటనే ఫోన్ చేశారు. "ఫొటోలో ఆ గీత చెరిగిపోయిందమ్మా. అసలు ఎక్స్‌రే రావాలి. లేకపోతే ఏం చెప్పమంటావు?"

ఈలోపు బయట, ఏసుదాసుని పడుకోబెట్టిన బల్ల దగ్గర గొడవ మొదలైంది. అనుమానం ఉంది కాబట్టి కాకినాడ వెళ్లిపొమ్మని భవానీదేవి గారు చెప్పారు. ఏసుదాసు ఒప్పుకోలేదు.

"మెడ పట్టేసినదానికి కాకినాడేంటండీ? కొబ్బరినూనె రాసి కాపడం పెడితే రెండ్రోజుల్లో పోద్ది. రూతూ, ఆటో ఉందా?"

"ఉందయ్యా, గేటుకాడే ఉంది," అంది అతని భార్య. స్టెల్లా వైపు తిరిగి, "ఈ పట్టీ ఎప్పుడు తీసేస్తారండీ, ఊపిరాడట్లేదంటన్నాడు," అని అడిగింది.

స్టెల్లా బల్ల దగ్గరకెళ్లి ఏసుదాసు చెయ్యి పట్టుకుంది.

"ఒక్క గంట నాకియ్యండి బాబూ. గంటలో జవాబు రాకపోతే మీ ఇష్టం. అప్పటిదాకా తల తిప్పకూడదు."

"గంటేనా అండి?"

"గంటే."

అన్నాక గానీ ఆమెకి భయం వెయ్యలేదు. మాటైతే ఇచ్చేసింది, చేసేదేమిటో తెలియదు.

అమలాపురంలో కంప్యూటర్లు పాఠం చెప్పే మరిది ఎబినేజర్‌కి ఫోన్ చేసింది. తరగతి మధ్యలోంచి బయటికొచ్చి ఎత్తాడు.

"ఆ ఎర్ర అక్షరాలేంటో చదవండి వదినగారూ. తప్పులొచ్చినా పర్లేదు."

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"కనెక్షన్ టైమౌట్. రిఫ్యూజ్డ్ అని లేదుగదా?"

"లేదు."

"అయితే కాకినాడవాళ్లు వద్దనలేదన్నమాట. వద్దంటే ఆ ముక్క వెంటనే వచ్చేది. మీ కబురు వాళ్లదాకా వెళ్లట్లేదేమో. ఎక్స్‌రే పంపేముందు మీ కంప్యూటర్ 'ఏమండీ, ఉన్నారా' అంటుంది. కాకినాడది 'ఆయ్, ఉన్నానండి, చెప్పండి' అంటుంది. మీది మళ్లీ 'ఆయ్, అయితే పంపుతున్నానండి' అంటుంది. ఈ మూడు మాటలూ అయ్యాకే సరుకు కదుల్తుంది. మీకు మొదటి మాటకే బదులు రావట్లేదు."

"మరి సాయిబాబు పింగ్ కొడితే జవాబొచ్చిందిగా?"

"అది మనిషున్నాడో లేడో అడగడం వరకే. ఒకే అడ్రసులో ఒక్కో పనికి ఒక్కో నంబరుంటుంది, దాన్నే పోర్టంటారు. వెబ్ పేజీలకి నాలుగువందల నలభైమూడు. వీడియోలు దాంట్లోంచే వస్తున్నాయి. మీ ఎక్స్‌రేలకి వేరే ఉంటుంది. కాకినాడ అడ్రసు పక్కన చూడండి."

ఏడాదిగా రోజూ చూస్తున్న పేజీయే అది. అడ్రసు పక్కన గడిలో 2762 అని ఉంది. అదేమిటో ఎప్పుడూ ఎవరినీ అడగలేదు.

ఎబినేజర్ ఓ చిన్న యాప్ పంపాడు. అడ్రసూ నంబరూ కొడితే ఆ పోర్టు పలుకుతుందో లేదో చెబుతుంది. స్టెల్లా ముందు తన సిమ్ డేటా మీద కొట్టింది. 'ఓపెన్' అని వచ్చింది. ఆసుపత్రి వైఫైకి మారి మళ్లీ కొట్టింది. టైమౌట్.

ఎబినేజర్‌ని స్పీకర్లో ఉంచే, రెండు జవాబులూ పట్టుకెళ్లి డబ్బా దగ్గరున్న సాయిబాబుకి చూపించింది.

"బాబూ, కాకినాడవాళ్ల పోర్టు తెరిచే ఉంది. మా మిషన్ తప్పూ కాదు, ఫోన్లోంచి కొట్టినా మీ వైఫై మీద ఇదే వస్తోంది. మీ డబ్బా దాటి ఈ నంబరు బయటికెళ్లట్లేదు."

సాయిబాబు ఫోన్ కేసి, ఆవిడ కేసి చూశాడు. డబ్బా కింద నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని దాని సెట్టింగులు తెరిచాడు. కాసేపటికి తల గోక్కున్నాడు.

"ఫైర్‌వాల్ హైలో పెట్టి ఉందండి. వెబ్బు, మెయిలు తప్ప ఇంకేదీ బయటికి పోనివ్వదండి. ఆఫీసులో అలా పెట్టి ఇచ్చేరు, నేను చూసుకోలేదండి. మొత్తం ఆపేస్తాను, గొడవుండదు."

"వద్దు బాబూ," అన్నాడు స్పీకర్లోంచి ఎబినేజర్. "రోగుల వివరాలుండేచోట కాపలా తీసెయ్యకూడదు. ఆ ఒక్క అడ్రసుకి, ఆ ఒక్క నంబరుకి దారివ్వు. చాలు."

"ఆయ్, అలాగేనండి."

స్టెల్లా మళ్లీ మీట నొక్కింది. చక్రం తిరిగింది. తర్వాత పచ్చగీత ఒకటి మెల్లగా కుడివైపుకి జరగడం మొదలెట్టింది. ఎక్స్‌రే వేల ముక్కలై వెళ్తుందనీ, ప్రతి ముక్కకీ వరస అంకె ఉంటుందనీ, దారిలో తప్పిపోయినదాన్ని మళ్లీ పంపించుకుంటారనీ ఎబినేజర్ చెబుతున్నాడు. ఆమె వింటూనే గీత మీంచి చూపు తిప్పలేదు. ఎన్ని వందల ఎక్స్‌రేలు పంపిందో! ఇవాళే వాటితోపాటు తనూ వెళ్తున్నట్టనిపించింది.

పది నిమిషాల్లో కాకినాడ డాక్టరు గారి ఫోనొచ్చింది. భవానీదేవి గారు నిలబడే విన్నారు. ఫోన్ పెట్టేసి ఏసుదాసు దగ్గరికొచ్చారు.

"పగులేనయ్యా. రెండో పూస. పూస జరగలేదు, అదృష్టం. పడుకోబెట్టే కాకినాడ తీసుకెళ్లాలి."

ఏసుదాసు చెయ్యెత్తి మెడపట్టీని మెల్లగా తడిమి చూసుకున్నాడు.

"ఆటో ఎక్కుంటే ఏమయ్యేదండీ?" అనడిగింది రూతు, చిన్న గొంతుతో.

"ఎక్కలేదుగదమ్మా," అంది స్టెల్లా.

అంబులెన్సు వెళ్లాక కూడా సాయిబాబు కదల్లేదు. మెట్ల మీద కూర్చుని టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మేడంగారూ, ఈ వారం ఇలాంటి డబ్బాలు ఇంకో రెండు చోట్ల పెట్టేనండి. ఒకటి పి.గన్నవరంలో, రక్తపరీక్షల ల్యాబు. వాళ్లనేం అడగాలో నాకు తెలీదండి."

స్టెల్లా ఆ ల్యాబు ఫోన్ నంబరు తీసుకుని తనే ఫోన్ చేసింది. ఎత్తిన అమ్మాయి పేరు శాంతి. కొత్తగా చేరిందట. రెండు రోజులుగా మిషన్ నుంచి ఒక్క రిపోర్టూ పెద్ద ల్యాబుకి చేరట్లేదు. తనే ఏదో తప్పు నొక్కేసిందనుకుని, ఎవరికీ చెప్పకుండా అన్నీ చేత్తో రాసి పంపుతోంది.

"నీ తప్పేం లేదమ్మా," అంది స్టెల్లా. కుర్చీ లాక్కుని, కాగితం మీద కలం పెట్టింది. "మీ మిషన్ సెట్టింగుల్లో పెద్ద ల్యాబు అడ్రసుంటుంది. దాని పక్క గడిలో ఓ నంబరుంటుంది చూడు. తొందరేం లేదు, నెమ్మదిగా చదువు."